చుట్టూరా మామ్మ పాట

మండపేటలో తెలివైన కొంపలు ఎన్నున్నాయో నాకు తెలీదు గాని, వాటిలో మాది ఒకటని మా నాన్న రోజుకి రెండుసార్లు చెప్తాడు. పొద్దున్నే కత్తెరకి దణ్ణం పెట్టుకున్నప్పుడు ఒకసారి, సాయంత్రం షాపు తలుపులు వేసినప్పుడు ఒకసారి. మాది దర్జీల కొంప. ముందు గది షాపు, దాని వెనక హాలు, ఆ వెనక వంటిల్లు. నాన్న పేరు తాతబ్బాయి. చొక్కాలూ ప్యాంట్లూ నాన్నవి. జాకెట్లు అమ్మవి. గుండీలూ కాజాలూ గంగరాజు బాబాయివి. నేను బీకాం రెండో ఏడు చదువుతున్నాను కాబట్టి ఇంట్లో చదువుకున్న తెలివి నాది. ఇక నాన్నని కన్న మా మామ్మ, పేరు పేరంటాలు, వయసు డెబ్బై ఎనిమిది. ఆవిడది అనుభవం తెలివి. ఇన్ని రకాల తెలివి ఒక్క కప్పు కింద ఇరుక్కుని ఉండటం వల్ల మాకు అప్పుడప్పుడు గాలాడదు.

"మన తెలివంతా ఎక్కడుందో తెలుసా," అంటాడు నాన్న. "చెప్పింది చెప్పినట్టు చెయ్యడంలో ఉంది. సొంత బుర్ర వాడితే గుడ్డ పాడవుద్ది."

నిజమే మరి. ఒకసారి పోస్టుమాస్టరు గారు వచ్చి, "జేబులోంచి ఫోను జారిపోతోందయ్యా, పడకుండా కుట్టు" అన్నారు. నాన్న ఫోను జేబులోనే ఉంచి జేబు మూతి కుట్టేశాడు. ఈనాటిదాకా పడలేదు. ఎవరైనా ఫోను చేస్తే పోస్టుమాస్టరు గారు గడ్డం గుండెకి ఆనించి మాట్లాడుకుంటారు. ఇంకోసారి ఒకావిడ పిల్లాణ్ణి తీసుకొచ్చి, "ఎదిగే పిల్లాడు, వచ్చే ఏటికి కూడా సరిపోవాలి నిక్కరు" అంది. నాన్న కుట్టి బీరువాలో పెట్టి తాళం వేసి, "వచ్చే ఏడు రండమ్మా" అన్నాడు. అంత నిక్కచ్చి మనిషి.

అలాంటి మా ఇంటికి ఒకరోజు లోకల్ కేబుల్ టీవీ వాళ్ళొచ్చారు. వీధివీధినా తిరిగి పాత పాటలు పాడేవాళ్ళని వెతుకుతున్నారట. మామ్మని తీసుకెళ్ళి, కుర్చీలో కూర్చోబెట్టి, ఒక కోలాటం పాట పాడించుకున్నారు. ఆదివారం సాయంత్రం ఆరింటికి వేస్తామన్నారు. మళ్ళీ ఎప్పుడు వేస్తారని మామ్మ అడిగితే, "ఒక్కసారే మామ్మగారూ, మళ్ళీ వెయ్యం" అన్నారు.

ఇంకేముంది. మామ్మ ఆ వారమంతా నేల మీద నడవలేదు. పాలవాడికి చెప్పింది. ఇస్త్రీ బండి ఆవిడకి చెప్పింది. ఎవరో దారి అడిగితే దారి చెప్పకుండా ఆదివారం ఆరింటికని చెప్పింది. అంతా అయ్యాక శుక్రవారంనాడు మా టీవీ ముందు కూర్చుని, చెవి దగ్గర పెట్టి విని, పెదవి విరిచింది.

"ఇదేం గొంతురా, రేకు డబ్బాలో దోమ తిరిగినట్టుంది. నా పాట దీన్లోంచి వస్తే నేను వినను. పదిమందిమి చుట్టూ తిరుగుతూ పాడిన పాటది. చుట్టూరా వినపడాలి. నా బతుక్కి టీవీలో కనపడ్డం ఇదొక్కసారే, తెలిసిందా."

నాన్నకి తెలిసింది. శనివారం కాకినాడ వెళ్ళి హోమ్ థియేటరు కొనుక్కొచ్చాడు. సరౌండు సౌండంట. ఐదు బుల్లి స్పీకర్లు, బేసు కోసమని గుమ్ము గుమ్మనే పెద్ద స్పీకరొకటి, వాటన్నిటికీ పెద్దమనిషిలాగా ఒక నల్లపెట్టె. అది కొన్న షాపు తాలూకు టెక్నీషియన్, కరుణాకర్ అని, అతను సోమవారం గాని రాలేడట. మామ్మ పాటేమో ఆదివారం.

"అతనొచ్చేదేంటి. ఫోన్లో చెప్పమను, చెప్పింది చెప్పినట్టు చేస్తాం," అన్నాడు నాన్న.

ఆదివారం పొద్దున తొమ్మిదింటికి కరుణాకర్‌కి ఫోను చేశాం. నాన్న కొలతల పుస్తకం తెరిచి, పైన 'పేరు: హాలు' అని రాసి, కింద 'ఛాతీ: పన్నెండడుగులు, పొడవు: పద్నాలుగు' అని వేసి, "చెప్పండి బాబూ" అన్నాడు.

"ఏం లేదండీ, చాలా ఈజీ," అన్నాడు కరుణాకర్. "సోఫా గోడకి ఆనించకండి, గది మధ్యకి లాగండి. మీరు కూర్చుంటే చెవులు ఏ ఎత్తుకొస్తాయో స్పీకర్లు ఆ ఎత్తులో పెట్టండి. అన్నీ మీ వైపే చూస్తుండాలి. వైర్లు కంటికి కనపడకుండా సర్దేయండి. గది బోసిగా ఉంటే మాట గోడకి కొట్టుకుని వెనక్కొచ్చేస్తది, అంచేత మెత్తటి బట్టలేవైనా వేలాడదీయండి. ఆఖర్న చిన్న మైకుంటది. తల ఉండే చోట పెట్టి మీట నొక్కితే పెట్టె దానంతటదే గదిని కొలుచుకుంటది. కొలుచుకుంటున్నంతసేపూ ఇంట్లో చప్పుడు అవకూడదు. అయిపోయాక పెట్టె కుయ్ మంటది. కుయ్ మనేదాకా ఊపిరి బిగపట్టుకు కూర్చోండి. అంతే."

అతను 'అంతే' అన్నాడు. మాకు అక్కడే మొదలైంది.

"దానంతటదే కొలుచుకునే పెట్టెంట," అన్నాడు నాన్న మురిసిపోతూ. "మన పనితనం పెట్టెకి కూడా వచ్చింది చూశావా గంగరాజూ."

ముందు సోఫా. టేపు పట్టుకుని గది మధ్య ఎక్కడో కొలిచి సుద్దతో గుర్తు పెట్టాం. సోఫా మధ్య ఎక్కడో కొలిచి గుండుసూది గుచ్చాం. గుర్తు మీదకి సూది వచ్చేదాకా దారం వదిలి చూసుకుంటూ, ఇటు నూలుపోగంత, అటు నూలుపోగంత జరిపాం. గంటన్నర పట్టింది. "ఏదీ, మధ్యకొచ్చిందేమో కూర్చుని చూడరా" అన్నాడు నాన్న. బాబాయి కూర్చున్నాడు. వెంటనే లేచి, "సరిగ్గా మధ్యకే వచ్చింది అన్నయ్యా" అన్నాడు, వెనక్కి చెయ్యి పెట్టుకుని.

తర్వాత చెవులు. మా సోఫా పొడుగు, ఐదుగురం ఇరుక్కుంటే పడతాం. వరసగా కూర్చుంటే నాన్న టేపు నేల నుంచి ఒక్కొక్క చెవికీ పట్టి కొలిచాడు. తనవి అమ్మచేత కొలిపించుకున్నాడు. నాన్న చెవులు నలభై ఆరు అంగుళాల ఎత్తున ఉన్నాయి. బాబాయివి నలభై నాలుగు. అమ్మవి నలభై రెండు. నావి నలభై ఒకటి. మామ్మవి ముప్పై ఏడు.

"ఇన్ని ఎత్తులుంటే స్పీకర్లు ఏ ఎత్తున పెడతాం," అంది అమ్మ. "ఎవరి చెవులో చెప్పలేదు ఆ అబ్బాయి."

"ఇంటి పెద్దవి," అన్నాడు నాన్న.

"అంటే నావి," అంది మామ్మ.

"నువ్వు పెద్దదానివే గాని నీ చెవులు కిందున్నాయి గదమ్మా."

ఇక్కడ చదువుకున్న తెలివి అవసరం పడింది. నేను కాయితం తీసుకుని ఐదు ఎత్తులూ కలిపి ఐదుతో భాగిస్తే నలభై రెండు వచ్చింది. అచ్చం అమ్మ చెవుల ఎత్తు. అమ్మ ఆ పూటంతా మెడ నిటారుగా పెట్టి తిరిగింది. నాన్న కాయితం చూసి ఇంకో సంగతి కనిపెట్టాడు. తనకి నాలుగంగుళాలు ఎక్కువ, బాబాయికి రెండు ఎక్కువ, వెరసి ఆరు. నాకొకటి తక్కువ, మామ్మకి ఐదు తక్కువ, వెరసి ఆరు.

"ఆరుకి ఆరు," అన్నాడు నాన్న. "ముప్పై ఏళ్ళుగా కుడుతున్నాను, పోగు మిగలకుండా ఇంత బాగా కలిసిన గుడ్డ చూళ్ళేదు."

అంతే. పెద్ద కత్తెర వచ్చింది. నాన్న కూర్చునే చోట సోఫాలో నాలుగంగుళాలు స్పాంజి కోసేశాం. బాబాయి కింద రెండంగుళాలు కోసేశాం. కోసిందాంట్లో అంగుళం నా కింద, ఐదంగుళాలు మామ్మ కింద వేసి కుట్టేశాం. మళ్ళీ కూర్చున్నాం. నాన్న గోతిలో దిగబడ్డాడు, మోకాళ్ళు గడ్డానికి తగిలాయి. మామ్మ పల్లకిలో పెళ్ళికూతురిలాగా పైకి లేచింది, కాళ్ళు గాల్లో ఊగుతున్నాయి. ఈ చివర నుంచి ఆ చివరకి దారం పట్టి చూస్తే పది చెవులూ ఆ దారాన్ని ఆనుకునే ఉన్నాయి.

"ఇంక ఎవరూ తలకాయలు కదపకండి," అన్నాడు నాన్న గోతిలోంచి. "కష్టపడి కుదిర్చాం."

స్పీకర్లని స్టూళ్ళ మీదా, బియ్యం డబ్బా మీదా, బీరువా మీద నుంచి దారాలతో వేలాడదీసీ నలభై రెండంగుళాలకి తెచ్చాం. అవి మన వైపు చూడాలి గదా. మొహం ఎటుందో తెలీలేదు. ఒక పక్క వల లాంటి గుడ్డ ఉంది. ఇంకో పక్క ఎరుపొకటి, నలుపొకటి రెండు కన్నాలున్నాయి.

"గుడ్డ ఉన్న వైపే మొహం," అంది అమ్మ. "ముసుగేసుకుంది."

"కాదొదినా," అన్నాడు బాబాయి. "వైరు ఎక్కించేది ఎటు, కన్నాల్లోకి. కరెంటే దాని తిండి. తిండి తినే వైపు గదా మొహం ఉంటది."

ఈ లెక్క అందరికీ నచ్చింది. నేను కాటుక తెచ్చి కన్నాల పైన చక్కగా రెండేసి కళ్ళు గీశాను. నాకు బొమ్మలు బాగా వచ్చు. కనుబొమలు కూడా పెట్టాను. అంతే, ఐదు స్పీకర్లూ కళ్ళు విప్పుకుని మా వైపు చూడటం మొదలెట్టాయి. కాసేపటికి అమ్మ పమిట సర్దుకుని, "ఆ మూలది నన్నే చూస్తోందే" అంది. నేను వెళ్ళి దాని కళ్ళు కొంచెం కిందికి దించి గీశాను.

ఇంక వైర్లు. కంటికి కనపడకూడదన్నాడు. దాచి పెట్టడమంటే మాకు ఒకటే తెలుసు, మడతలో పెట్టి కుట్టెయ్యడం. కిటికీ తెరల అంచులు మడిచి వైర్లు లోపల పెట్టి కుట్టాం. అక్కణ్ణించి సోఫా గుడ్డలోకి తెచ్చి, సోఫా చుట్టూ అంచు మడిచి కుట్టాం. బాబాయి లేస్తే చెవుల ఎత్తు మారిపోద్దని నాన్న లేవనివ్వలేదు, అతను కూర్చుని ఉండగానే చుట్టూ కుట్టుకుంటూ వచ్చేశాం. అమ్మ చేతివాటం ఎలాంటిదంటే కుట్టు ఎక్కడుందో కనపడదు. దాంట్లో బాబాయి లుంగీ పడిన సంగతి కూడా అందుకే కనపడలేదు.

తర్వాత మెత్తటి బట్టలు. దర్జీ కొంపలో గుడ్డకి కరువా. కుట్టి సిద్ధంగా ఉన్న అరవై మూడు జాకెట్లు, పదకొండు చొక్కాలు గోడల నిండా చిలక్కొయ్యలకీ మేకులకీ వేలాడదీశాం. నాన్న గోతిలోంచి చప్పట్లు కొట్టాడు. చప్పుడు వెనక్కి రాలేదు.

"వెళ్ళింది వెళ్ళినట్టే పోయింది," అన్నాడు సంతోషంగా.

నాలుగింటికి వీధి తలుపు దగ్గర నాగరత్నం టీచరు గారి గొంతు వినపడింది. "తాతబ్బాయ్, నా గులాబీ రంగు జాకెట్టయిందా? ఐదింటికి గృహప్రవేశానికి వెళ్ళాలి."

"తలుపు తియ్యరా" అని నాన్న అలవాటు కొద్దీ బాబాయికి చెప్పాడు. బాబాయి అలవాటు కొద్దీ లేచాడు. ఇంకేముంది. బాబాయితో లుంగీ లేచింది, లుంగీతో సోఫా గుడ్డ లేచింది, గుడ్డతో వైర్లు లేచాయి, వైర్లతో తెరలు వచ్చాయి, తెరల వెనకే స్పీకర్లు ఐదూ ఒక్కసారి గిర్రున బాబాయి వైపు తిరిగాయి.

నాన్న అది చూసి చెయ్యెత్తి దణ్ణం పెట్టాడు. "అన్నీ మీ వైపే చూస్తాయన్నాడు చూడు. ఎంత మాట అన్నాడు, ఎంత మాట నిలబెట్టుకున్నాడు."

"నన్ను కూర్చోనియ్యండి ముందు," అన్నాడు బాబాయి, లుంగీ రెండు చేతులతో పట్టుకుని.

బాబాయిని కూర్చోబెట్టి, అన్నీ సర్ది, నేను వెళ్ళి తలుపు తీశాను. టీచరు గారు హాల్లోకొచ్చి చుట్టూ చూసి, తన జాకెట్టు గుర్తుపట్టి గోడ దగ్గరకెళ్ళింది.

"అది తియ్యకండి టీచరు గారూ," అన్నాడు నాన్న. "తీస్తే మాట వెనక్కొచ్చేస్తది."

"ఇచ్చిన మాట వెనక్కి తీసుకుంటావా? శనివారానికే ఇస్తానన్నావు."

"ఇచ్చిన మాట కాదండి, గోడకి కొట్టుకున్న మాట."

ఆవిడ గోతిలో మోకాళ్ళ మధ్య ఉన్న నాన్న తలకాయ వైపు చూసింది. తర్వాత లుంగీ పట్టుకు కూర్చున్న బాబాయి వైపు చూసింది. తర్వాత కళ్ళు గీసిన స్పీకర్ల వైపు చూసింది. జాకెట్టు తీసుకుని గబగబా వెళ్ళిపోయింది.

నాన్న చప్పట్లు కొట్టాడు. "వచ్చింది. ఆ జాకెట్టు ఖాళీలోంచి వచ్చింది. విన్నారా?"

అందరం విన్నామన్నాం. నేను అయితే రెండుసార్లు విన్నాను. ఆ ఖాళీలో మెత్తటిదేదైనా పెట్టాలి, చూస్తే ఇంట్లో కుట్టిన బట్టన్నది మిగల్లేదు. చివరికి అమ్మే వెళ్ళి ఆ మేకు కింద గోడకి ఆనుకుని, జాకెట్టులాగా రెండు చేతులూ చాపి నిలబడింది. నాన్న మళ్ళీ చప్పట్లు కొట్టి, "భేష్, నువ్వు చప్పుణ్ణి కాటన్‌లా పట్టుకున్నావు" అన్నాడు. అమ్మ సిగ్గుపడింది. అమ్మ అక్కడ నిలబడితే ఆవిడ చెవులు దారం మీద నుంచి తప్పిపోయాయి కదా అని నేను అడగబోయి, ఆరింటికి ఇంక ఎంతో లేదని ఊరుకున్నాను.

మైకు తల ఉండే చోట పెట్టాలి. మనిషి కదిలితే తల కదిలిపోద్ది. కదలలేని మనిషి ఇంట్లో ఒక్కడే ఉన్నాడు. అంచేత మైకుని బాబాయి నెత్తి మీద పెట్టి టేపుతో గడ్డం కింద ముడేశాం. పెట్టె మీట నొక్కాం. అప్పటికి ఐదూ నలభై.

"చప్పుడు," అన్నాడు నాన్న గుసగుసగా. "చప్పుడయ్యేవన్నీ ఆపెయ్యండి."

గోడ దగ్గరున్న అమ్మకి చేతులు ఖాళీ లేవు. బాబాయికి లుంగీ ఖాళీ లేదు. నాన్న గోతిలోంచి లేస్తే మళ్ళీ దిగడం కష్టం. అంతే, పనంతా నా మీద పడింది. ఫ్యాను ఆపాను. ఫ్రిజ్జు ఆపాను. గడియారం టిక్కుటిక్కుమంటుంటే బ్యాటరీ పీకేశాను. వంటింట్లో కుళాయి చుక్కచుక్కగా కారుతుంటే దాని కింద గుడ్డ పెట్టాను. టీవీ ఆపబోతే మామ్మ చెయ్యి పట్టుకుంది. "బొమ్మన్నా ఉండనివ్వు, నేనొచ్చే వేళయింది." సరే అని బొమ్మ ఉంచి గొంతు నొక్కేశాను.

అంతా నిశ్శబ్దం. అందరం ఊపిరి బిగబట్టాం. అప్పుడు నా చెవులకి ఎక్కడి నుంచో సన్నగా గూయ్ మని వినపడింది. మిగతా వాళ్ళకి వినపడలేదు. చదువుకున్న చెవులు గదా. ఎక్కడా అని వెతుక్కుంటూ వెళితే ఆ చప్పుడు నల్లపెట్టెలోంచే వస్తోంది. మాకున్న నిశ్శబ్దం పెట్టెకి ఉండొద్దా. దాని ప్లగ్గు కూడా పీకేసి, మునివేళ్ళ మీద నడిచొచ్చి కూర్చున్నాను. నాన్న నా వీపు తట్టి, బొటనవేలు ఎత్తి చూపించాడు. మా ఇంట్లో అలాంటి మెచ్చుకోలు ఏడాదికొకటి.

ఇంక పెట్టె కుయ్ మనడమే తరువాయి.

కూర్చున్నాం. పెట్టె కుయ్ మనలేదు. ఇంకా కూర్చున్నాం. పెట్టె బాగా జాగ్రత్తగా కొలుస్తోందని నాన్న తలూపబోయి, చెవులు గుర్తొచ్చి మానేశాడు. మాట్లాడకూడదు గనక ఏం చెప్పాలన్నా ఒళ్ళో పెట్టుకున్న నల్ల కోటు గుడ్డ మీద సుద్దతో రాస్తున్నాడు. 'ఓపిక' అని రాశాడు. బాబాయి దాని కింద 'దురద' అని రాశాడు.

ఇంతలో టీవీలో పువ్వులు పడ్డాయి, అక్షరాలు పడ్డాయి, ఆ వెనకాల కుర్చీలో మామ్మ.

మా మామ్మే. ఆకుపచ్చ చీర, పెద్ద బొట్టు, ఒళ్ళో పెట్టుకున్న చేతులు. నోరు విప్పింది. చప్పుడు లేదు.

సోఫాలో ఉన్న మామ్మ ముందుకి వంగింది. నాన్న వైపు చూసి చెవి చూపించింది. నాన్న గుడ్డ మీద 'ఇంకా కుయ్ మనలేదు' అని రాసి చూపించాడు. మామ్మకి చదువు రాదు. గుడ్డని అటు తిప్పీ ఇటు తిప్పీ చూసింది. నేను నోటితో కుయ్ అన్నట్టు మూతి పెట్టి, చెయ్యి అడ్డంగా ఊపాను. మామ్మకి అర్థమైంది. మళ్ళీ టీవీ వైపు తిరిగింది. అక్కడ పెదాలు కదులుతున్నాయి. మొదటి చరణం వెళ్ళిపోతోంది. మామ్మ వేళ్ళు మోకాలి మీద తాళం వేస్తున్నాయి, చప్పుడు కాకుండా. ఆవిడ మొహం అలా అవ్వడం నేనెప్పుడూ చూళ్ళేదు. ఒక్కసారే అన్నారు. ఆ ఒక్కసారీ మా అందరి కళ్ళముందూ మూగగా అయిపోతోంది. నాకు ఏడుపొచ్చింది గాని, ముక్కు ఎగబీలిస్తే చప్పుడవుద్దని ఆపుకున్నాను.

అప్పుడు మామ్మ ఐదంగుళాల స్పాంజి మీద నుంచి నేల మీదకి గెంతింది.

"తాతబ్బాయ్, చప్పుడు చెయ్యొద్దన్నాడు సరే. పాట పాడొద్దని చెప్పాడేంట్రా ఆ అబ్బాయి?"

నాన్న కొలతల పుస్తకం తీసి మొదట్నుంచి చివరిదాకా వేలు పెట్టి చదివాడు. అలాంటి మాట ఎక్కడా లేదు. లేదన్నట్టు చెయ్యి ఊపాడు.

అంతే. మామ్మ టీవీలో తన పెదాలు చూసుకుంటూ గొంతెత్తింది.

"చెరుకుతోటకాడ చిలకొచ్చె వదినా,
చిలకెనక చినవాడు తానొచ్చె వదినా..."

కోలాటం పాట నిలబడి పాడేది కాదు. కాలు ఆగదు. మామ్మ చప్పట్లు కొడుతూ సోఫా చుట్టూ తిరగడం మొదలెట్టింది. మేము చెవులు కదపకూడదు గనక తలలు తిప్పలేదు. కళ్ళు టీవీ మీదే పెట్టి కూర్చున్నాం. పాట ముందు నుంచి వచ్చింది. మెల్లగా కుడి చెవిలోకి వచ్చింది. వెనక్కి వెళ్ళి మెడ మీద నుంచి వచ్చింది. ఎడమ చెవిలోకొచ్చి మళ్ళీ ముందుకొచ్చింది. ఎదురుగా టీవీలో మామ్మ పెదాలకి అతికినట్టు సరిపోయింది.

నాన్న కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి. గుడ్డ మీద 'సరౌండు' అని రాశాడు.

ఏడు చుట్లు తిరిగింది మామ్మ. టీవీలో మామ్మ దణ్ణం పెట్టింది. మా మామ్మ కూడా ఆవిడకి ఎదురుగా నిలబడి దణ్ణం పెట్టింది. కిటికీలోంచి చప్పట్లు వినపడ్డాయి. పాట విని వీధిలో వాళ్ళు ఆగారు.

"ఎలా వచ్చిందిరా?" అంది మామ్మ, రొప్పుతూ.

"చుట్టూరా వచ్చిందమ్మా," అన్నాడు నాన్న. "పెట్టె కొన్నందుకు కొన్నట్టు పని చేసింది."

"అక్కడ కుర్చీలో కట్టేసినట్టు కూర్చోబెట్టి పాడించారు. గొంతు గొంతులోనే ఉండిపోయింది. ఇదిగో, ఇప్పుడు పాడాను నా పాట," అంది మామ్మ. ఆవిడ మొహం చూస్తే టీవీ వాళ్ళు మళ్ళీ వేస్తామన్నా వద్దనేలా ఉంది.

సరిగ్గా అప్పుడే కరుణాకర్ ఫోను. "ఏమండీ, సౌండెలా వచ్చింది?"

"అద్భుతం బాబూ," అన్నాడు నాన్న. "ముందు నుంచి వచ్చింది, పక్కల నుంచి వచ్చింది, వెనక నుంచి వచ్చింది. ఒక్క చిన్న లోపం. వెనక్కి వెళ్ళినప్పుడు సౌండుకి కాస్త ఆయాసం వస్తోంది."

"వెనక లెవెలు తక్కువైనట్టుంది," అన్నాడతను. " రెండు పెంచి చూడండి."

అంతే. పెరట్లోంచి రెండు ఇటికలు తెచ్చి, ఒకదాని మీద ఒకటి సోఫా వెనకాల పెట్టాం. మామ్మ ఎక్కి చూసి, "బాగానే పెరిగింది" అంది.

"మరి ఆయాసానికి మంచినీళ్ళివ్వొచ్చా బాబూ?" అన్నాడు నాన్న ఫోన్లో.

"స్పీకర్లకి నీళ్ళేంటండీ? చుక్క తగిలినా పాడైపోతాయి. తడి అన్నది దగ్గరికి రానివ్వకండి."

ఇంకేముంది. అమ్మ గోడ మీద నుంచి ఒక్క ఉరుకున వచ్చి మామ్మ చేతిలో మంచినీళ్ళ గ్లాసు లాక్కుంది. మామ్మ మజ్జిగ అడిగితే, మజ్జిగ పేరు కరుణాకర్ ఎత్తలేదు గనక రెండు గ్లాసులిచ్చాం. తాగి, మూతి తుడుచుకుని, కిటికీ బయట వాళ్ళు మళ్ళీ పాడమంటే సరేనని మొదలెట్టింది. చుట్టు తిరగడం, ఇటికలెక్కడం, దిగడం, మళ్ళీ చుట్టు.

నేను చదువుకున్నదాన్ని గదా, అక్కడితో ఆగలేదు. మామ్మ నుదుటి మీద చెమట చూశాను. చెమట కూడా తడే. ఒక జాకెట్టు ముక్క పట్టుకుని, ఆవిడ వెనకే దబదబా పరిగెడుతూ, తుడుస్తూ, నేనూ ఇటికలెక్కుతూ దిగుతూ సోఫా చుట్టూ తిరగడం మొదలెట్టాను.

బాబాయి మైకు కట్టుకున్న తలకాయ కదపకుండా కాసేపు విన్నాడు.

"అన్నయ్యా, ఇప్పుడు పాట వెనకాల దబ్బుదబ్బుమని ఇంకేదో కూడా వస్తోంది."

"అదేరా బేసంటే," అన్నాడు నాన్న. "ఇందాక రాలేదు. ఇటికలు పెట్టాక వచ్చింది."